మొరాయించిన హ్యాండీక్యామ్: డ్రైవ్ మార్చే ముందు

కెమెరా ఆన్ అవుతుంది. లెన్సు మూత తెరుచుకుంటుంది, స్క్రీన్ మీద ఎదుటి బొమ్మ కూడా కనిపిస్తుంది. రికార్డు బటన్ నొక్కగానే మాత్రం హార్డ్ డిస్క్ ఎర్రర్ అని వస్తుంది. పోనీ పాత వీడియోలైనా చూద్దామంటే స్క్రీన్ ఖాళీ. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల్నుంచి సన్నగా టిక్కు, టిక్కు, టిక్కు. ఏ కంపెనీదైనా మనవాళ్లు హ్యాండీక్యామ్ అనే పిలిచే ఈ కెమెరాలు విశాఖలో ఇంకా చాలా ఇళ్లలో బీరువా పై అరలో నల్ల బ్యాగులో ఉన్నాయి. కొన్ని ఇక్కడే కొన్నవి, కొన్ని అమెరికా నుంచి సెలవుల్లో వచ్చిన పిల్లలు ఇచ్చి వెళ్లినవి.

ఎర్రర్ కనిపించగానే వచ్చే ఆలోచన ఒకటే. వీడియోలు దాచే హార్డ్ డిస్క్ డ్రైవ్ మార్చేస్తే పోదా? ఎలాగూ విప్పుతున్నాం, 30 జీబీ తీసి 250 జీబీ వేస్తే ఇంకా మంచిది కదా? వినడానికి సబబుగానే ఉంది. కానీ కెమెరాలో డ్రైవ్ మార్చడం కంప్యూటర్‌లో మార్చడం లాంటిది కాదు. అలా ఎందుకు కాదో తెలియాలంటే ఈ కెమెరాలు ఎలా వచ్చాయో కొంచెం చూడాలి.

డిస్కు మీద రికార్డు చేసే కెమెరాల కాలం చాలా చిన్నది. 2004 చివర్లో జేవీసీ ఎవెరియో పేరుతో తెచ్చిన తొలి మోడళ్లలో అగ్గిపెట్టె కంటే చిన్నదైన 4 జీబీ మైక్రోడ్రైవ్ ఉండేది. దాన్ని కార్డులాగా బయటికి లాగేయొచ్చు. మరుసటి ఏడాదికే డ్రైవ్ కెమెరా పొట్టలోకి వెళ్లిపోయి 20, 30 జీబీలైంది. 2006లో సోనీ డీసీఆర్-ఎస్‌ఆర్100 మోడల్ 30 జీబీతో వచ్చింది. 2009 నాటి ఎక్స్‌ఆర్520 మోడల్‌లో 240 జీబీ ఉంది. అప్పటికే మెమరీ కార్డులు చవకవుతున్నాయి, వాటి వెనకే ఫోన్లు వచ్చిపడ్డాయి. పదేళ్లు నిండకుండానే ఈ రకం కెమెరాల పని అయిపోయింది.

ఆ కొద్ది కాలంలోనే ఒక అలవాటు మారింది. టేపు కెమెరాలో క్యాసెట్ నిండగానే తీసి, మీద పేరు రాసి, పక్కన పెట్టేవాళ్లు. అన్నప్రాశనకు ఒకటి, ఉపనయనానికి ఒకటి. వీడియో తీయడంతోపాటు దాచడం కూడా దానంతటదే జరిగిపోయేది. డిస్కు వచ్చాక ఆ పని లేకుండా పోయింది. మామూలు నాణ్యతతో తీసే కెమెరాలో వీడియో సెకనుకు సుమారు 9 మెగాబిట్లు తీసుకుంటుంది, అంటే గంటకు 4 జీబీ. 30 జీబీ నిండాలంటే ఏడు గంటలు తీయాలి. ఫంక్షన్‌కు పావుగంట, అరగంట తీసే ఇంట్లో అది ఏడాదికీ నిండదు. నిండకపోతే కంప్యూటర్‌లోకి ఎక్కించాలన్న గుర్తే రాదు. టేపూ అదే, దాచుకునే బీరువా కూడా అదే అయిపోయింది.

అందుకే ఈ డ్రైవ్‌ను పాడైన బ్యాటరీలా పీకి పారేయడానికి లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడక ముందు విశాఖ ఎలా ఉండేదో, కైలాసగిరి ఎంత పచ్చగా ఉండేదో, వీధి మొదట్లో ఏ చెట్టు ఉండేదో, ఇలాంటి ఏ డ్రైవ్‌లోనో ఎవరి పుట్టినరోజు వీడియో వెనకాలో ఉండిపోయి ఉండొచ్చు. మార్కెట్లో ఈ కెమెరాకు ఇప్పుడు దాదాపు ధర లేదు. లోపలున్నదానికి ధర కట్టలేం. మరమ్మతు ఏ వరసలో చేయాలన్నది ఈ తేడానే తేలుస్తుంది: ముందు వీడియో, ఆ తర్వాతే కెమెరా.

ఇక డ్రైవ్ నిజంగా పోయిందా అన్నది. విశాఖలో ఈ ప్రశ్న మరింత గట్టిగా అడగాలి. లాసన్స్ బే కాలనీలోనో చిన వాల్తేరులోనో ఉండేవాళ్లకు ఉప్పు గాలి సంగతి చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలు, గేటు మడతబందులు, ఏసీ బయటి యూనిట్, ఏదీ దానికి మినహాయింపు కాదు. పదేళ్లు బ్యాగులో ఉన్న కెమెరాకు కూడా ఆ గాలే తగిలింది. హార్డ్ డ్రైవ్ పూర్తిగా మూసేసిన డబ్బా అనుకుంటాం గానీ దానికి గాలి పీల్చే చిన్న రంధ్రం ఉంటుంది, దాని వెనక ఫిల్టర్. దుమ్ము ఆగుతుంది, తేమ మాత్రం మెల్లగా లోపలికి చేరుతుంది. అంతకంటే ముందు దెబ్బ తినేవి బయటి లోహపు అతుకులు: ఛార్జర్ పిన్ను, యూఎస్‌బీ సాకెట్, కెమెరా కూర్చునే డాకింగ్ స్టాండు కాంటాక్టులు, డ్రైవ్‌కు వెళ్లే రిబ్బన్ స్ట్రిప్ (పట్టీలాంటి సన్న వైరు) కొస.

చప్పుడును బట్టి చాలావరకు పోల్చుకోవచ్చు. ఆన్ చేసినప్పుడు లోపల ఏ కదలికా లేకుండా నిశ్శబ్దంగా ఉంటే, డ్రైవ్‌కు కరెంటే అందడం లేదేమో. స్ట్రిప్ వదులవడం, కాంటాక్టు పచ్చబడటం లాంటివి కావచ్చు, అప్పుడది చిన్న పనే. డ్రైవ్ మామూలుగా తిరుగుతూ కెమెరా మాత్రం "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంటే, చెడింది బహుశా విషయసూచిక లాంటి భాగం; వీడియో చాలావరకు లోపలే ఉండి ఉంటుంది. టిక్కు టిక్కుమంటుంటే మాత్రం టెన్షన్ పడాల్సిందే. లోపల తిరిగే పళ్లెం మీద డేటా చదివే హెడ్ తన చోటు దొరక్క పదే పదే వెనక్కి వచ్చి మళ్లీ వెతుకుతోందని దానర్థం. ఇంకోసారి ఆన్ చేసి చూద్దాం అనుకున్న ప్రతిసారీ పళ్లెం మీద గీత పడే ప్రమాదం పెరుగుతుంది. ఆ చప్పుడు విన్నాక ఆఫ్ చేసి ఉంచడమే మేలు.

ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్న చిట్కా ఒకటి చాలా కాలంగా తిరుగుతోంది. విశాఖ తేమలో చల్లటి డ్రైవ్ బయటికి తీస్తే దాని మీద చల్లటి నీళ్ల గ్లాసు మీద పట్టినట్టే నీటి చెమ్మ పడుతుంది. లోపల కూడా. ఆ చిట్కా జోలికి పోకూడదు. మూత విప్పి లోపల చూద్దామన్న కుతూహలం కూడా అంతే. పళ్లానికీ హెడ్‌కూ మధ్య ఖాళీ ఎంత తక్కువంటే, అందులో ఒక దుమ్ము రేణువు కొండరాయితో సమానం.

వీడియో బయటికి తీయడానికి అన్నిటికంటే మంచి యంత్రం ఆ కెమెరానే, అది కొంచెమైనా సహకరిస్తే. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని పక్కన పెట్టి అడాప్టర్‌తోనే నడపాలి. అమెరికా నుంచి వచ్చిన కెమెరా అయినా దాని అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. సోనీ మోడళ్లు కొన్నింటిలో యూఎస్‌బీ సాకెట్ కెమెరాకు ఉండదు, డాకింగ్ స్టాండుకే ఉంటుంది. ఇల్లు మారినప్పుడు పోయేది సరిగ్గా ఆ స్టాండే. అది లేక కెమెరా పాడైందనుకుని డ్రైవ్ దాకా వెళ్లేవాళ్లూ ఉంటారు. స్టాండు సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవడం డ్రైవ్ విప్పడం కంటే చాలా తేలిక.

కంప్యూటర్‌కు తగిలించాక డ్రైవ్ కనిపిస్తే ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టుగా కాపీ చేసుకోవాలి. వీడియో ఫైళ్లనే ఏరుకుంటే తర్వాత చిక్కొస్తుంది. హెచ్‌డీ కెమెరాల్లో ఏవీసీహెచ్‌డీ అనే ఫోల్డర్, దాని లోపల స్ట్రీమ్ ఫోల్డర్‌లో ఎంటీఎస్ ఫైళ్లు ఉంటాయి. పెద్ద షాట్ అయితే, డిస్కు మీద ఫైళ్లను సర్దే ఫ్యాట్32 పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైల్ కుదరదు కాబట్టి కెమెరా దాన్ని ముక్కలు చేసి రాస్తుంది. ఏ ముక్క తర్వాత ఏదన్న లెక్క పక్క ఫైళ్లలో ఉంటుంది. జేవీసీ పాత మోడళ్లలో వీడియో ఎంఓడీ పేరుతో ఉంటుంది; అది లోపల డీవీడీల్లో వాడే మామూలు ఎంపెగ్-2నే. పేరు చివర ఎంపీజీ అని మార్చితే చాలా ప్లేయర్లలో ఆడుతుంది. కానీ అది వెడల్పు స్క్రీన్‌దా కాదా అన్న సమాచారం పక్కనున్న ఎంఓఐ ఫైల్‌లో ఉంటుంది. అది పారేస్తే పెళ్లికొడుకు సన్నగా పొడుగ్గా సాగిపోతాడు.

డ్రైవ్ కనిపించి, ఫోల్డర్లు కనిపించకపోతే ముందు డ్రైవ్ మొత్తానికి అచ్చు తీసినట్టు నకలు తీసుకోవాలి. డీడీరెస్క్యూ లాంటి ఉచిత ప్రోగ్రాములు బాగున్న భాగాన్ని ముందు చదివేసి, మొండికేసిన చోట్లను చివరికి వదిలేస్తాయి. ఆ నకలు మీద ఫోటోరెక్ లాంటివి నడిపిస్తే సూచిక లేకపోయినా వీడియోలను గుర్తుపట్టి ఏరుతాయి. ఫైళ్ల పేర్లు, తేదీలు పోతాయి, పెద్ద షాట్లు కొన్ని ముక్కలుగా వస్తాయి. పొరపాటున ఫార్మాట్ నొక్కిన డ్రైవ్‌కు కూడా ఈ దారి తరచూ పనిచేస్తుంది, ఆ తర్వాత దాని మీద కొత్తగా ఏదీ తీయకుండా ఉంటే.

టిక్కుమంటున్న డ్రైవ్‌కు ఇంట్లో వైద్యం లేదు. అలాంటిదే ఇంకో డ్రైవ్ తెచ్చి దాని బోర్డు దీనికి బిగించేస్తే సరి అని కొన్ని షాపుల్లో చెబుతారు. ప్రతి డ్రైవ్‌కూ తయారీలోనే సరిచేసిన లెక్కలు కొన్ని ఆ బోర్డు మీది చిప్‌లో ఉంటాయి కాబట్టి బోర్డు మార్పు ఒక్కటే చాలదు. హెడ్ మార్చాలంటే దుమ్ము లేని గది, ఆ పని తెలిసిన చెయ్యి కావాలి. అలాంటి ల్యాబుకు పంపితే ఖర్చు కెమెరా కొన్నప్పటి ధరను మించినా ఆశ్చర్యం లేదు. పంపాలా వద్దా అన్నది లోపలేముందన్న దాన్ని బట్టి ఇంట్లోవాళ్లు తేల్చుకోవాల్సిన మాట.

వీడియో చేతికొచ్చిందనుకుందాం. ఇప్పుడు డ్రైవ్ మార్పు గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఈ కెమెరాల్లో ఎక్కువగా వాడినది 1.8 అంగుళాల డ్రైవ్. ల్యాప్‌టాప్‌లో ఉండే 2.5 అంగుళాలది ఇందులో పట్టదు. ఒకే పళ్లెం ఉన్నది 5 మిల్లీమీటర్ల మందం, రెండు పళ్లాలున్నది 8 మిల్లీమీటర్లు. పెద్ద సామర్థ్యం ఆశపడి 8 మిల్లీమీటర్లది తెస్తే 5 మిల్లీమీటర్ల గూట్లో మూత పడదు. అతుకు చాలావరకు జిఫ్ అనే 40 పిన్నుల సన్న స్ట్రిప్. సన్నటి తాళం లాంటి పట్టీ పైకెత్తి, స్ట్రిప్ దూర్చి, పట్టీ మూయాలి. ఎత్తాల్సిన పట్టీని గోటితో లాగితే విరిగి చేతికొస్తుంది. స్ట్రిప్ తిరగేసి పెడితే కరెంటు వెళ్లకూడని పిన్నుకు వెళుతుంది. ఈ రిపేర్లలో కెమెరాలు చచ్చేది ఎక్కువగా ఈ రెండు చోట్లే. విప్పే ముందు ఫోన్‌తో ప్రతి దశలో ఫొటో తీసుకోవడం, స్క్రూలను తీసిన వరసలోనే కాగితానికి అంటించుకోవడం, ఈ రెండూ చేసేవాళ్లకు సగం పని అయిపోయినట్టే. స్క్రూల పొడవులు వేర్వేరు. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకి దిగుతుంది.

కొత్త 1.8 అంగుళాల డ్రైవ్ ఇప్పుడు దొరకదు, వాటి తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. దొరికేవన్నీ పాత ఐపాడ్ల నుంచో చిన్న ల్యాప్‌టాప్‌ల నుంచో పీకినవే. వాటిలోనూ ఒకేలా కనిపించే అతుకులు డేటా పంపుకునే వేర్వేరు పద్ధతులవి కావచ్చు: కొన్ని పాత ఏటీఏ, కొన్ని సీఈ-ఏటీఏ, తర్వాతివి మైక్రో సాటా. పైగా పదిహేనేళ్లు తిరిగిన డ్రైవ్ తీసి పదిహేనేళ్లు తిరిగిన ఇంకో డ్రైవ్ వేయడం ఏపాటి మరమ్మతు? ద్వారకానగర్, డాబాగార్డెన్స్ కంప్యూటర్ షాపుల్లో అడిగితే ఎవరి దగ్గరైనా ఒకటి దొరకొచ్చు. దొరికినా అది ఇంకెన్నాళ్లు తిరుగుతుందో చెప్పగలిగేవాళ్లుండరు.

అందుకే డ్రైవ్ చోట ఫ్లాష్, అంటే మెమరీ కార్డు లాంటిది, పెట్టడం మేలైన దారి. జిఫ్ అతుకుకు ఒకవైపు, కాంపాక్ట్ ఫ్లాష్ కార్డుకు ఇంకోవైపు సరిపోయే చిన్న అడాప్టర్ బోర్డులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డుకు ఏటీఏ భాష పుట్టుకతోనే వచ్చు కాబట్టి మధ్యలో దుబాసీ అక్కర్లేదు. ఎస్‌డీ కార్డు లేదా ఎంసాటా ఎస్‌ఎస్‌డీ వాడే అడాప్టర్లలో మాత్రం భాష మార్చే చిప్ ఒకటి ఉండాల్సిందే. ఫ్లాష్ పెడితే తిరిగే భాగం ఉండదు, టిక్కుమనేదేమీ ఉండదు, బ్యాటరీ కొంచెం ఆదా అవుతుంది. డ్రైవ్ చుట్టూ ఉన్న రబ్బరు మెత్తలు ఖాళీగా మిగులుతాయి. కార్డు ఊగకుండా అక్కడ సన్న స్పాంజి ముక్క పెట్టాలి.

ఎత్తు సమస్యా పోతుంది. తిరిగే డ్రైవ్‌లో హెడ్ గాలి పొర మీద తేలుతుంది, కొండల మీద గాలి పలచబడితే ఆ పొర బలహీనపడుతుంది. అందుకే మాన్యువళ్లలో కంపెనీని బట్టి 3,000 లేదా 5,000 మీటర్ల పైన వాడొద్దని రాసేవారు. అరకుకు ఈ గొడవ లేదు, మన రైలు దారిలో ఎత్తైన చోటు కూడా వెయ్యి మీటర్ల లోపే. కేదార్‌నాథ్ వెళ్లినవాళ్లకు మాత్రం అది 3,500 మీటర్లు దాటిన చోటు. పడిపోతున్నట్టు అనిపిస్తే హెడ్‌ను పక్కకు లాగేసే డ్రాప్ సెన్సర్ కూడా ఇలాంటి కెమెరాల్లో ఉంటుంది. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కి తీస్తుంటే మధ్యలో రికార్డింగ్ ఆగిపోయిందంటే, అది చాలాసార్లు దాని పనే.

ఇంత చెప్పాక అసలు చిక్కు మిగిలే ఉంది: పెట్టిన కార్డును కెమెరా ఒప్పుకుంటుందా? దీనికి ముందే భరోసా ఇచ్చేవాళ్లుండరు. చాలా కార్డులు తమను తాము ఊడదీసే రకంగా చెప్పుకుంటాయి, స్థిరమైన డిస్కు కోసం చూసే పరికరం దాన్ని చూసి మొహం తిప్పుకోవచ్చు. సామర్థ్యం విషయంలో ఇంకో గోడ ఉంది. పాత ఏటీఏ పద్ధతిలో చిరునామాకు 28 బిట్లే వాడే పరికరం 137 జీబీ దాటిన చోటును చూడలేదు. 30 జీబీ డ్రైవ్‌తో పుట్టిన కెమెరాకు 256 జీబీ పెట్టడం ఆ గోడకు తల కొట్టుకోవడం కావచ్చు. అసలు ఉన్నంతలోనో, దానికి కొంచెం పైనో ఉన్న కార్డు పెట్టి చూడటం తెలివైన పని. కొత్త డ్రైవ్‌ను కంప్యూటర్‌లో ఫార్మాట్ చేసి పెట్టకూడదు. ఆ పని కెమెరా మెనూలోంచే జరగాలి, దానికి కావాల్సిన ఫోల్డర్లను అదే వేసుకుంటుంది. ఆ ఫార్మాట్ పూర్తయి, పదినిమిషాల షాట్ తీసి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేశాక కూడా అది ఆడితేనే మార్పు కుదిరినట్టు.

వేగం కోసమని ఖరీదైన ఎస్‌ఎస్‌డీ కొనక్కర్లేదు. ఏవీసీహెచ్‌డీ రకం హెచ్‌డీ కెమెరా పూర్తి నాణ్యతలో తీసినా సెకనుకు 24 మెగాబిట్లు, తర్వాతి మోడళ్లలో 28, అంటే మూడు, మూడున్నర మెగాబైట్లు. సెకనుకు 4 మెగాబైట్లు రాయగలిగే క్లాస్ 4 కార్డు కూడా దాన్ని అందుకుంటుంది. మిగతా వేగమంతా వాడకుండా ఉండిపోతుంది.

ఇక ఎక్కువ చోటు కావాలనే కారణంతో మాత్రమే డ్రైవ్ మార్చాలనుకునేవాళ్లు ఒక్కసారి కెమెరా పక్కన, బ్యాటరీ కింద, మూతలన్నీ తీసి చూడాలి. ఈ కెమెరాల్లో చాలావాటికి కార్డు పెట్టే చోటు ఉంది. కొన్ని తొలి మోడళ్లలో అది ఫొటోలకే, తర్వాతివాటిలో వీడియోకు కూడా. అందులో పట్టేది 32 జీబీ దాకా ఉండే ఎస్‌డీహెచ్‌సీ రకం కార్డు. అంతకంటే పెద్ద కార్డుల కోసం 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ రకాన్ని అంతకు ముందు కెమెరాలు గుర్తుపట్టవు కాబట్టి 64 జీబీ కార్డు తెచ్చి ప్రయోజనం లేదు. సోనీ 2010 దాకా తన సొంత కార్డు మెమరీ స్టిక్ ఒక్కదాన్నే నమ్ముకుంది, అందువల్ల అంతకు ముందు సోనీ మోడళ్లకు ఆ స్టిక్కే వెతకాలి. మామూలు నాణ్యతలో 32 జీబీ అంటే ఏడు గంటల పైమాట. దానికోసం స్క్రూలు విప్పడం ముక్కు పట్టుకోడానికి తల చుట్టూ చెయ్యి తిప్పడమే.

కెమెరా నడిచినా నడవకపోయినా, బయటికి తీసిన పాత డ్రైవ్ ఉంటుంది. దాన్ని కొట్టు వాడికి వదిలేయడం, పనికిరాని కెమెరాను పాత సామాన్లవాడికి వేసేయడం మామూలుగా జరిగేదే. ఏటీఏ పద్ధతిలో డ్రైవ్‌కు పాస్‌వర్డ్ తాళం వేసే వీలుంది. దాన్ని వాడుకున్న కెమెరా అయితే ఆ డ్రైవ్ బయట ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకోదు, తాళంచెవి కెమెరా దగ్గరే ఉంటుంది. వీడియో మొత్తం ఇంకా చేతికి రాలేదంటే రెండింటినీ విడదీయకూడదు. డ్రైవ్‌ను స్టాటిక్ పట్టని కవర్‌లో, రెండు సిలికా జెల్ పొట్లాలతో, మీద కెమెరా మోడల్ నంబరు రాసి, ఆ కెమెరా బ్యాగులోనే పెట్టాలి. ఆ బ్యాగును మాత్రం సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో వద్దు.